పదకొండు గంటల బెల్లు

బంద్ రోజున షట్టర్ దించి లోపల పని చేసుకోవడం దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికీ కొత్త కాదు. బట్టల షాపువాళ్ళు చేస్తారు, బంగారం షాపువాళ్ళు చేస్తారు, జిరాక్స్ వాడైతే షట్టర్ మోకాలెత్తు వదిలి కిందనుంచే కాగితాలు అందిస్తాడు. మా పట్టాభి సార్ ఇంకో అడుగు ముందుకేసి ఏకంగా కోచింగ్ సెంటరే నడిపారు.

సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద సెంటర్లన్నీ వారాల తరబడి మూసే ఉన్నాయి. మెడిసిన్ సీటు కోసం మళ్ళీ పరీక్ష రాసే లాంగ్‌టర్మ్ పిల్లలకు సిలబస్ వెనకబడిపోతోందని మా సార్‌కు కంటి మీద కునుకు లేదు. చివరికి తెల్లారగానే పిల్లల్ని వెనక సందులోంచి లోపలికి రప్పించి, ముందు షట్టర్‌కు లోపలినుంచి తాళం వేయించి, మొదటి అంతస్తులో క్లాసులు పెట్టించారు. తాను మాత్రం మన్సూరాబాద్‌లో ఇంట్లోనే ఉన్నారు.

"నేనొస్తే జనం గుర్తుపడతారమ్మా. నువ్వు లోకల్ అమ్మాయివి. నువ్వుంటే నాకు ధైర్యం" అన్నారు ఫోన్లో. ధైర్యం ఆయనకు, డ్యూటీ నాకు.

నేను అరుణను. పుట్టిందీ పెరిగిందీ కొత్తపేటలో. సెంటర్లో కంప్యూటర్లన్నీ నేనే చూసుకుంటాను. పిల్లలు కంప్యూటర్ మేడమ్ అంటారు గానీ ఫ్యాన్ తిరగకపోయినా నన్నే పిలుస్తారు. తెలంగాణ రావాలని నాకూ ఉంది, రోడ్డు మీద బతుకమ్మ ఆడినదాన్నే. నెల తిరిగేసరికి జీతమూ కావాలి. ఈ రెంటి మధ్యా ఇరుక్కుని బంద్ రోజున పనిలోకి వచ్చానని పొద్దున్నుంచీ నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

మామూలుగా బంద్ అంటే ఒక ఊరేగింపు వస్తుంది, జెండాలు ఊపుతుంది, నినాదాలిచ్చి ఎల్బీనగర్ వైపు పోతుంది. ఆ కాసేపు అందరూ నోరు మూసుకుని కూర్చుంటే చాలన్నది సార్ ఆలోచన. ఆ రోజు వచ్చినవాళ్ళు పోలేదు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు. వంటావార్పు! అంటే రోడ్డు మీదే వండుతారు, రోడ్డు మీదే తింటారు, పొద్దు వాలేదాకా కదలరు. ఉన్న రోడ్డంతా వదిలేసి సరిగ్గా మా షట్టర్ ముందే పెట్టారు.

షట్టర్ పక్కన గోడకు చిన్న వెంటిలేటర్ ఉంది. కుర్చీ ఎక్కి అందులోంచి చూశాను. పెద్ద పెద్ద గిన్నెలు, మంటలు, పొగ, కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్ళు, తలకు గులాబీ రుమాళ్ళు కట్టిన కుర్రాళ్ళు. వెనక్కి వెళ్ళి కిటికీలోంచి చూస్తే, గేటు తెరుచుకునే సందులో నీళ్ళ ట్యాంకర్ ఆపి ఉంది. దాని చుట్టూ ఇంకో గుంపు. అంటే ముందునుంచీ వెనకనుంచీ దారి లేదు. పైన నలభై మంది దాకా పిల్లలు, వాళ్ళకు గుసగుసగా బోటనీ చెబుతున్న కుసుమకుమారి మేడమ్.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదని నాకు తెలుసు. వాళ్ళలో సగం మంది మా బస్తీ మొహాలే. కానీ పోయిన వారం ఇదే రోడ్డు మీద తెరిచి ఉన్న ఒక షాపు అద్దాలు పగిలినప్పుడు కూడా అక్కడున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. గుంపులో ఒక్కడు రాయి ఎత్తితే చాలు.

సింధూర మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది. లాంగ్‌టర్మ్ పిల్ల. తెనాలి పక్కనుంచి పోయినేడే వాళ్ళ కుటుంబం మన్సూరాబాద్‌కు వచ్చింది. పొగకు దగ్గు ఆగట్లేదని మేడమ్ కిందికి పంపారట. నీళ్ళు తాగి, సీసా మూత బిగిస్తూ మెల్లిగా అడిగింది.

"మేడమ్, పదకొండింటికి బ్రేక్ బెల్లు మోగుతుందాండి?"

ఆ సంగతే మరిచిపోయాను.

మా సెంటర్లో ఒకప్పుడు గోపయ్య అనే అటెండర్ ఇనప ముక్క మీద కొట్టి గంట మోగించేవాడు. ఆయన మానేశాక, నాకు ముందు పనిచేసిన శ్రీకర్ ఆ పనిని సార్ క్యాబిన్లోని కంప్యూటర్‌కు అప్పజెప్పాడు. ఏ టైముకు ఏ బెల్లో టాస్క్ షెడ్యూలర్లో పెట్టేశాడు. టైమవగానే అది బెల్లు మోగిస్తుంది, వెంటనే సార్ రికార్డు గొంతు వినిపిస్తుంది: "పిల్లలూ, సమయం చాలా విలువైనది. వృథా చేయకండి." బ్రేకులో పిల్లలు రోడ్డవతల లచ్చయ్య చాయ్ బండి దగ్గరికి పోతారని, వాళ్ళకూ వినపడాలని, బయట బోర్డు మీద ఒక హారన్ స్పీకర్ కూడా బిగించారు. అది మోగితే సగం చైతన్యపురికి తెలుస్తుంది. పొద్దున ఎనిమిదింటికి మోగింది కూడా. అప్పుడు రోడ్డు మీద గుంపు లేదు కాబట్టి నా చెవికి ఎక్కలేదు. ఇప్పుడు మోగితే, మేం లోపలున్నామని మేమే మైకు పెట్టి పిలిచినట్టు. అదీ సార్ కోస్తా యాసలో.

గోడ గడియారం చూశాను. పావుగంటకు కాస్త ఎక్కువుంది.

వైరు పీకేస్తే పోతుంది కదా అని ఎవరైనా అంటారు. నేనూ మొదట అక్కడికే పరుగెత్తాను. క్యాబిన్‌కు తాళం. తాళంచెవి మన్సూరాబాద్‌లో. మెయిన్ ఆపేద్దామంటే, కరెంటు కోతల్లో బెల్లు ఆగకూడదని సార్ ఆ కంప్యూటర్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఇన్వర్టర్ మీద పెట్టించారు, ఆ ఇన్వర్టర్ కూడా క్యాబిన్ లోపలే. తలుపు పగలగొడదామంటే అది నిలువెత్తు అద్దం, షట్టర్‌కు మూరెడు దూరం. ఆ చప్పుడు బెల్లు కన్నా ముందే మమ్మల్ని పట్టిస్తుంది.

సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, పదకొండుకు బెల్లు మోగుతది. గీడ షట్టర్ ముంగటనే వంటలు వెట్టిన్రు. తాళం తీసుకొని వస్తరా?"

"అయ్యో అయ్యో... ఎలా వచ్చేదమ్మా, ఎల్బీనగర్ చౌరస్తా మొత్తం మూసేశారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఏదో ఒకటి చెయ్యమ్మా అరుణా, పిల్లలమ్మా, పిల్లలు" అన్నారు. ఆ పిల్లల సంగతి పొద్దున గుర్తుకు రాలేదా అని నోటిదాకా వచ్చింది. మింగేసి పాస్‌వర్డ్ అడిగాను. భార్య పేరు, దాని వెనక ఆయన పుట్టిన ఊరి పిన్‌కోడ్.

వెనక ల్యాబ్‌లోకి వెళ్ళి ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, నెట్‌వర్క్ మీదుగా సార్ మెషిన్లోకి దూరాను. క్యాబిన్‌కు తాళం ఉంటేనేం, దాని స్క్రీన్ నా ముందే ఉంది. సింధూర నా పక్కన స్టూలు మీద కూర్చుంది. బయట ఎవరో పాట ఎత్తుకున్నారు, డప్పు మొదలైంది. ఆ డప్పు నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం ఒక్కో దెబ్బా నా వీపు మీదే పడుతున్నట్టుంది.

"వాళ్ళు లోపలికొస్తే ఏం చేస్తారండి?" సింధూర గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఏం జెయ్యరు. జర ఊకో."

"నేను మాట్లాడితే తెలిసిపోద్దేమోనండి. నా మాట వేరేగా ఉంటది కదండి."

నేను ఆలోచించలేదు. భయంలో నోటికి ఏది వస్తే అది అన్నాను. "అయితే నువ్వు మాట్లాడకు. ఎవలు ఏమడిగినా నోరు తెరవకు. నేను మాట్లాడ్త." ఆ పిల్ల వెంటనే అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను స్క్రీన్ వైపు తిరిగాను.

టాస్క్ షెడ్యూలర్ తెరిచాను. బెల్లులన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి పట్టుకుని డిసేబుల్ కొట్టాను. అన్నీ బూడిదరంగుకు తిరిగాయి. ఇంత తేలికా అనుకుని ఊపిరి వదిలాను. ఎందుకైనా మంచిదని ఇంకోసారి రిఫ్రెష్ చేస్తే, అన్నీ మళ్ళీ పైకి లేచి "రెడీ" అంటున్నాయి.

నేను సరిగ్గా నొక్కలేదేమో అనుకుని మళ్ళీ ఆపాను. కాసేపాగి చూస్తే మళ్ళీ రెడీ. ఏకంగా డిలీట్ చేశాను. కళ్ళ ముందే ఒక్కొక్కటీ తిరిగి పుట్టుకొచ్చింది. లోపల మనిషి లేని ఆ క్యాబిన్లో ఎవరో కూర్చుని నేను చెరిపినవన్నీ తిరిగి రాస్తున్నట్టనిపించింది.

అప్పుడు గుర్తుకొచ్చింది. ల్యాబ్ పిల్లలు సార్ మెషిన్లోకి దూరి బెల్లులు ఆపేసి, పరీక్షలు ఎగ్గొట్టేవాళ్ళని శ్రీకర్ వెళ్ళేముందు నవ్వుతూ చెప్పాడు. "వాళ్ళకు మందు వేశాలే అక్కా" అన్నాడు. ఆ మందు ఏమిటని నేను అడగలేదు. ఇదన్నమాట. తెర వెనక ఏదో ఒక ప్రోగ్రాం నిలబడి కాపలా కాస్తోంది. ఎవరైనా బెల్లు ఆపితే నిమిషం తిరక్కుండా మళ్ళీ పెట్టేస్తోంది.

టాస్క్ మేనేజర్ తెరిచి వెతికాను. ఎప్పుడూ చూడని పేరు ఒకటి కనిపించింది. పట్టుకుని ఎండ్ చేశాను. పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చంపాను. మళ్ళీ వచ్చింది. శ్రీకర్ గనక ఆ క్షణం ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

చావగానే లేస్తోందంటే అది సర్వీసుగా నడుస్తోందని అర్థం. మెషిన్ ఆన్ అవగానే తనంతట తానే మొదలై, పడిపోతే లేపమని సిస్టమ్‌కే ముందుగా చెప్పిపెట్టి ఉంచేది. సర్వీసుల జాబితా తెరిస్తే చాంతాడంత ఉంది. పిల్లలు కనిపెట్టకుండా దానికీ ఏదో అమాయకపు పేరు పెట్టే ఉంటాడు. తప్పుదాన్ని ఆపితే మెషిన్ మొత్తం బిగుసుకుపోతుంది, బెల్లు మాత్రం మోగనే మోగుతుంది. మౌస్ టిక్కుమన్నప్పుడల్లా బయటికి వినిపించిందేమోనని ఆగి చెవులు రిక్కిస్తున్నాను.

పేర్లు చదువుతూ పోతే తెల్లారుతుంది. వివరాల గడి వైపు చూశాను. కంపెనీ వాళ్ళు పెట్టిన ప్రతి సర్వీసుకూ పక్కన రెండు ముక్కలు వివరం రాసి ఉంటుంది. శ్రీకర్‌కు రాయడమంటే బద్ధకం, నాకు బాగా తెలుసు. ఖాళీ గడి కోసం కిందికి జారాను. ఒకచోట "ప్రింట్ హెల్పర్" అనే పేరుంది, పక్కన వివరమేమీ లేదు. అదే!

దాని రికవరీ చూశాను. మొదటిసారి పడితే లేపు, రెండోసారి పడితే లేపు, ఎన్నిసార్లు పడినా లేపు. మూడింటినీ "ఏమీ చేయకు" అని మార్చాను. ఆటోమేటిక్ తీసేసి డిసేబుల్ పెట్టాను. స్టాప్ నొక్కాను. ఆకుపచ్చ గీత మెల్లగా నిండింది. టాస్కులన్నీ ఇంకోసారి ఆపి, రిఫ్రెష్ చేసి, చూస్తూ కూర్చున్నాను. బూడిదరంగులోనే ఉన్నాయి. ఈసారి లేవలేదు.

గోడ గడియారం పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చింది, పదకొండైంది. సింధూర నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముల్లు దాటింది. ఏమీ మోగలేదు. పైన కుసుమకుమారి మేడమ్ గుసగుస అలాగే సాగుతోంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరాను. "అయిపోయింది బిడ్డా, ఇగ భయం లేదు" అన్నాను.

బయట డప్పు ఆగింది.

వంట దగ్గర మాటలు కూడా సన్నగిల్లాయి. షట్టర్‌కు అవతల, చాలా దగ్గరలో, లచ్చయ్య గొంతు వినిపించింది. చాయ్ బండి లచ్చయ్య. నేను రోజూ ఆ చేతి చాయే తాగుతాను.

"ఏందిరా, పదకొండైంది, బెల్లు మోగలే?"

"బంద్ గదా లచ్చన్నా, ఎట్ల మోగుతది?" అన్నాడెవరో.

"గా బెల్లుకు బంద్ ఏంది, ఐతారం ఏంది! మనిషి లేకున్నా మోగుతది. దసరా నాడు మోగింది. పోయిన బంద్‌కు మనం గీడనే కూసుంటే మోగలేదా? సమయం విలువైనదని ఆ సార్ అంటే అందరం నవ్వలేదా? గీ పొద్దుగాల ఎనిమిదింటికి గూడ మోగింది, నేను బండి కడుగుతుంటే విన్న. గిప్పుడు మోగలేదంటే ఎవలో ఆపిన్రు. లోపల మనుషులున్నరు."

సెలవు రోజుల్లో, బంద్ రోజుల్లో నేను ఎప్పుడూ సెంటర్‌కు రాలేదు. శ్రీకర్ బద్ధకంతో సెలవులేవీ లెక్క చూడకుండా అన్ని రోజులకూ ఒకే మాదిరి పెట్టేశాడు. నా కళ్ళ ముందే స్క్రీన్ మీద "ప్రతిరోజూ" అని ఉంది, నేను ఆపే తొందరలో దాన్ని చదవనేలేదు. వదిలేసి ఉంటే మోగేది. వాళ్ళు ఓసారి నవ్వుకుని కూర తరుక్కునేవాళ్ళు. నా తెలివే మమ్మల్ని పట్టిచ్చింది.

షట్టర్ మీద మొదటి దెబ్బ పడింది. తర్వాత లెక్కలేదు. "తియ్యుండ్రి! ఎవలు లోపల? తియ్యుండ్రి!" రేకు లోపలికి ఉబ్బుతోంది. పైన అద్దం ఒకటి భళ్ళుమంది, పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు. ఇక దాచడానికేమీ మిగల్లేదు. షట్టర్ విరగ్గొట్టుకుని వస్తే ముందు నలిగేది పిల్లలేనన్న ఒక్క ఆలోచనే నన్ను కదిలించింది. పరుగెత్తాను.

"తీస్తున్న! కొట్టకుండ్రి! పిల్లలున్నరు, చిన్న పిల్లలున్నరు!"

తాళంచెవి సరిగ్గా పట్టడం లేదు. సగం ఎత్తేసరికి అవతలివాళ్ళే పైకి లాగేశారు. ఎండ, పొగ, మనుషులు ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డారు.

"ఎవలు నువ్వు? యాడిదానివి?" ఒక కుర్రాడు నా మొహం మీదికి వచ్చి అడిగాడు.

"కొత్తపేట."

"కొత్తపేటదానివై ఉండి బంద్ రోజు గిట్ల చేస్తవా?" అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. నలుగురైదుగురు క్యాబిన్ అద్దం పగలగొట్టి, కంప్యూటర్‌ను ఎత్తి రోడ్డు మీదికి విసిరారు. ఇంకొందరు మెట్ల వైపు కదిలారు. నేను అడ్డం పోయాను గానీ నన్నెవరూ లెక్క చేయలేదు.

"ఆగుండ్రి!"

అన్నం గంటె చేతిలో పట్టుకుని ఒక పెద్దావిడ గుంపును తోసుకుంటూ వచ్చింది. సత్తెమ్మ అని ఎవరో పిలవగా విన్నాను. మొహం ముందే ఎరుగుదును, కొత్తపేట రైతుబజార్‌లో కూరగాయలు అమ్మే ఆమె. నేరుగా మొదటి మెట్టు ఎక్కి నిలబడింది.

"పిల్లలున్నరని ఆ పొల్ల మొత్తుకుంటున్నది, చెవులల్ల వడ్తలేదా? పిల్లలు చేసిన తప్పేంది? అవతల జరుగుండ్రి." కుర్రాళ్ళు గొణుక్కుంటూ వెనక్కి తగ్గారు. ఆమె పైకి చూసి, "రాండ్రి బిడ్డా, ఒక్కొక్కలే దిగుండ్రి. ఎవ్వలేమనరు" అంది.

పిల్లలు దిగారు. సత్తెమ్మ ఒక్కొక్కరినీ ఇల్లెక్కడో అడిగి, రోడ్ల మీద ఎవరూ ఆపకుండా తోడుగా ఎవరినో ఒకరిని పెట్టి పంపుతోంది. హాస్టల్ పిల్లల్ని కుసుమకుమారి మేడమ్‌తో సందు దాటించింది. చివరికి నా కొంగు పట్టుకుని సింధూర మిగిలింది.

"నీ ఇల్లు యాడ బిడ్డా?"

సింధూర నా వైపు చూసింది. అరచేయి నోటి మీదే ఉంది.

"చెప్పు తల్లీ, యాడ?" సత్తెమ్మ కాస్త వంగింది. ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు. నన్ను చూసి అడిగింది. "మూగపిల్లనా?"

"కాదు పెద్దమ్మా. భయపడ్తున్నది."

"ఎవలకు?"

నా చూపు ఆమె వెనకున్న కుర్రాళ్ళ మీదికి పోయి, మళ్ళీ ఆమె మీదికి వచ్చింది. సత్తెమ్మ నా మొహం చూసింది, సింధూర మొహం చూసింది, తన చేతిలోని గంటెను చూసుకుంది. ఆమె మొహం చిన్నబోయింది. రోజూ బజార్‌లో పిల్లల చేతుల్లో ఒక క్యారెట్టో జామకాయో పెట్టే మనిషిని చూసి ఒక పిల్ల నోరు మూసుకుని వణుకుతోంది.

"మన్సూరాబాదండి" అంది సింధూర, వేళ్ళ సందులోంచి.

ఆ "అండి" అందరికీ వినపడింది. నేను కళ్ళు మూసుకున్నాను. వెనకనుంచి ఎవడో ఏదో అనబోయాడు. సత్తెమ్మ వాడి వైపు తిరిగి చూసింది, వాడు ఆగిపోయాడు.

"మన్సూరాబాద్ దాకా నేనే పోత. మిమ్మల్ని జూస్తే పిల్ల ఇంకా బెదురుతది" అంది కుర్రాళ్ళతో. గంటె నా చేతిలో పెట్టింది. "గా అన్నం అడుగంటుతది, జర జూడు."

నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఎవరూ నాతో మాట్లాడలేదు. సత్తెమ్మ సింధూర చెయ్యి పట్టుకుని ఎల్బీనగర్ వైపు నడుస్తోంది, కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నారు. సత్తెమ్మ పక్కకు వంగి ఏదో అడుగుతోంది. పిల్ల తల ఊపుతోంది, నోరు మాత్రం తెరవడం లేదు. ఇంకో చెయ్యి నోటికి అడ్డంగా అలాగే ఉంది. ఆ చెయ్యి పెట్టించింది నేను. తియ్యి బిడ్డా, మాట్లాడు, ఆమెతో మాట్లాడు అని అరవాలనుకున్నాను. అంత మంది మధ్యలో అరవలేక గంటెతో అన్నం కలుపుతూ ఉండిపోయాను. సత్తెమ్మ ఇంకా ఏదో అడుగుతూనే నడుస్తోంది.